తెలిసినవాడి మౌనం

నారాయణఖేడ్‌లో మాకు పరిచయమున్న ఒక యువకుడు డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, పాత సామాన్ల వ్యాపారంలోకి దిగాడు. ఊరూరా తిరిగి ఇత్తడి పాత్రలు, గోడ గడియారాలు, నిజాం కాలపు హాలీ రూపాయలు, గ్రామఫోన్ ప్లేట్లు కొంటాడు. వాటిలో కొన్నింటిని హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులోనూ, మరికొన్నింటిని ఫోన్‌లో నడిచే వేలంపాటల్లోనూ అమ్ముతాడు. నమాజు తప్పడు. తూకంలో మోసం చేశాడని అతని గురించి ఎవరూ అనగా మేము వినలేదు.

ఒక జుమా నాడు నమాజు ముగిశాక అతను మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి ఒక సంగతి చెప్పాడు. దగ్గరి పల్లెలో ఒక వృద్ధురాలు ఉంది. ఆమె భర్త చాలా ఏళ్లు బొంబాయిలో ఒక హోటల్ వంటశాలలో పనిచేసి, పాతబడి తీసేసిన గ్రామఫోన్ ప్లేట్లను ఒక ఇనుప పెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన చనిపోయాక పెట్టె అటక మీదే ఉండిపోయింది. ఇంటి కప్పు బాగుచేయించాల్సి వచ్చి, పెట్టె తీసేస్తే చాలునని ఆమె ఇతనికి కబురు పెట్టింది. అందులో నలభై ప్లేట్లు ఉన్నాయి. వాటిలో అయిదు పాతకాలపు జాజ్ బృందాలవని అతను లేబుల్ చూడగానే గుర్తుపట్టాడు. ఆమె, "బేటా, ఇవి ఇంకా దేనికైనా పనికొస్తాయా?" అని అడిగింది. అతను, "పాతవి కదా ఖాలా, ఇప్పుడెవరు వింటారు?" అన్నాడు. ఆరు వందలు అడిగితే బేరం ఆడకుండా ఇచ్చి పెట్టె తెచ్చుకున్నాడు. నెల తిరిగేసరికి ఒక్క ప్లేటు 14 వేలకు, మిగతా నాలుగు కలిపి 7 వేలకు అమ్ముడుపోయాయి.

"నేను అబద్ధం చెప్పలేదు. ఆమె అడిగినంతా ఇచ్చాను. నేను కొనకపోతే అవి పాత ఇనుము వాడి బండిలో పగిలిపోయేవి. మరి నాకు మనసెందుకు కుదురుగా లేదు?" అని అడిగాడు.

అతనికి అక్కడే జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. పొలం కొనేవాడికి, బంగారం మార్చేవాడికి, పాత కారు బేరం చేసేవాడికి, పెళ్లి సంబంధం మాట్లాడేవాడికి కూడా ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. ఎదుటివారికి తెలియని ధర మనకు తెలిసినప్పుడు మౌనంగా ఉండి లాభపడటం నేర్పరితనమా, మోసమా?

ధర ఎక్కడుంది?

ముందుగా ఆ ప్లేటు సంగతి చూద్దాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి ప్లేటులో ముఖ్యమైన సరుకు లక్క. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే లక్కను శుద్ధిచేసి, రాతిపొడి, మసి కలిపి అచ్చుపోసేవారు. ఒక్కో వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. చేయిజారితే ముక్కలయ్యేది. మన దేశంలో రికార్డింగ్ 1902లో కలకత్తాలో మొదలైంది. గౌహర్ జాన్ గానం ఆ ఏడాదే రికార్డయింది. తొలినాళ్లలో ప్లేట్లను జర్మనీలో అచ్చుపోయించి తెచ్చేవారు. 1908 నుంచి కలకత్తాలోనే తయారీ సాగింది. 1930లలో అమెరికా నుంచి నల్లజాతి వాద్యకారులు బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చి జాజ్ వాయించారు. వారిలో టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో విద్వాంసుడు కలకత్తాలో ప్లేట్లు ఇచ్చి, 1945లో ఆ నగరంలోనే కలరాతో మరణించాడు. కాబట్టి బొంబాయి హోటల్‌లో పనిచేసిన మన పల్లె మనిషి పెట్టెలో జాజ్ ప్లేట్లు ఉండటంలో వింతేమీ లేదు.

అలాంటి ప్లేటుకు వేల రూపాయలు ఎందుకొస్తాయి? లక్క ఖరీదైనదని కాదు, అది మిగిలి ఉన్నదని. అమెరికాలో 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ప్లేట్ల అమ్మకాలు కుప్పకూలాయి. ఆనాటి ప్లేట్లు అచ్చయిందే తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో లక్క కొరత వచ్చినప్పుడు 1942లో అక్కడ ఇంటింటా పాత ప్లేట్లను పోగుచేసి కరిగించారు. పారామౌంట్ వంటి కంపెనీల మూల అచ్చులు చాలావరకు పాత లోహం కింద పోయాయి. అలా నశించగా మిగిలిన వాటికే నేడు వేలంపాటలో గిరాకీ. జాజ్‌కు తోబుట్టువులాంటి బ్లూస్ గాయకుడు టామీ జాన్సన్ పారామౌంట్‌కు పాడిన ఒక ప్లేటు 2013లో వేలంలో 37,100 డాలర్లకు పోయింది. ఆ తర్వాతి కాలపు పెద్ద ప్లేట్లదీ ఇదే కథ. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ లేబుల్ మీద న్యూయార్క్ వీధి చిరునామా ఏది ముద్రించి ఉందో చూసి, తొలి అచ్చా, తర్వాతి అచ్చా అని తేలుస్తారు. ఆ చిన్న అక్షరాల తేడా ధరను ఎన్నో రెట్లు మార్చేస్తుంది.

ఈ ధరలలో వాయించినవారికి దక్కింది ఏమీ లేదు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు గురువైన కింగ్ ఆలివర్ 1923లో తన బృందంతో ఇచ్చిన తొలి ప్లేట్లను సేకర్తలు కళ్లకద్దుకుంటారు. ఆయన మాత్రం 1938లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో, ఒక ఆటశాలలో ఊడ్చే పని చేస్తూ పేదరికంలో కన్నుమూశాడు.

సంగీతం వినడం గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు. అది నేటి మా విషయం కాదు. ఆ పెట్టెలో ప్లేట్లకు బదులు పాత నాణేలున్నా, చేతిరాత గ్రంథాలున్నా ప్రశ్న ఇదే. ధర వస్తువు లోపల లేదు. దాని చరిత్ర తెలిసినవాడి తలలో ఉంది, కొనేవాడి కోరికలో ఉంది. పల్లెలోని ఆ అమ్మకు అది అటక మీద బరువు. ముంబయి సేకర్తకు అది నిధి. ఈ రెండింటి మధ్య నడిచి వెళ్లిన మనిషి మన యువకుడు. ఆ నడకకు అతనికి ఎంత దక్కాలి?

అతని పక్షాన చెప్పదగినది

న్యాయం చేయాలంటే మొదట అతని మాట పూర్తిగా వినాలి. లేబుళ్లు చదవడం అతనికి ఉచితంగా రాలేదు. రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నాడు. నకిలీలు కొని నష్టపోయాడు. ఆ పెట్టెలోని మిగతా ముప్పయి అయిదు ప్లేట్లు నేటికీ అమ్ముడుపోలేదు. నిజానికి పాత ప్లేట్లలో చాలావాటికి పెద్ద ధర రాదు. శుభ్రం చేయడం, పగలకుండా కట్టి పంపడం, కొనేవాడు రాకపోతే డబ్బు ఇరుక్కుపోవడం, ఇవన్నీ అతని మీదే పడతాయి.

అంతేకాదు, సేకర్తలు లేకపోతే చరిత్ర మిగలదు. బొబ్బిలి రాజవంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు గారు మద్రాసులో ఉండి దశాబ్దాలపాటు వేలాది పాత ప్లేట్లు సేకరించి, వాటి ఆధారంగా తెలుగు పాట చరిత్రను రాశారు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వెచ్చించి కూడబెట్టినవే ఆయన 1949లో మరణించాక 1951లో మ్యూజియంగా తెరుచుకున్నాయి. అపురూపమైన ఖుర్ఆన్ చేతిరాత ప్రతులు అక్కడ భద్రంగా ఉన్నాయి. కాబట్టి సేకరించడమే తప్పు అనలేము. కొని ఎక్కువకు అమ్మడమూ తప్పు కాదు. వ్యాపారాన్ని అల్లాహ్ ధర్మసమ్మతం చేశాడు.

వేలంపాట కూడా నిషిద్ధం కాదు. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని దుప్పటిని, గిన్నెను దైవప్రవక్త (స) స్వయంగా 'ఎవరు ఎక్కువిస్తారు' అని అడిగి రెండు దిర్హములకు అమ్మి, ఆ సొమ్ముతో గొడ్డలి కొనిపించి, కట్టెలు కొట్టి బతకమని పంపిన సంఘటన హదీసుల్లో ఉంది. అయితే కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడాన్ని ఆయన నిషేధించారు. దాన్ని నజష్ అంటారు. అంటే పాట పాడటంలో దోషం లేదు, పాటలో అబద్ధం దూరితేనే దోషం.

ఇక్కడివరకు మన యువకుడు గెలిచినట్లే కనిపిస్తాడు.

తడి ధాన్యం, తెలియని ధర

మదీనా బజారులో ఒక వ్యాపారి ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ఆ వ్యాపారిని నిలదీశారు. ఆ వ్యాపారి నోటితో ఏ అబద్ధమూ చెప్పినట్లు మనకు తెలియదు. లోపం కనబడకుండా ఉంచాడు, అంతే. అమ్మేవాడు సరుకులోని లోపాన్ని దాచడం మోసమైతే, కొనేవాడు సరుకులోని విలువను దాచడం ఏమవుతుంది? రెండు చోట్లా ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు. తెలియకపోవడమే లాభానికి మూలం.

దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పల్లెల నుంచి సరుకు తెచ్చే బిడారులను ఊరి బయటే ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్నాక, బేరం ఉంచుకోవాలో రద్దు చేసుకోవాలో తేల్చుకునే హక్కు అతనికి ఇచ్చారు. మన యువకుడు చేసిందేమిటి? బజారుకు రాలేని వృద్ధురాలి గుమ్మానికే వెళ్లి, బజారు ధర ఆమె చెవిన పడకముందే కొన్నాడు. నేటి బజారు ఫోన్‌లో ఉంది. ఆమె చేతిలో ఆ ఫోన్ లేదు.

ధర్మపండితులు ఈ విషయంలో ఎంతో నిశితంగా ఆలోచించారు. కేవలం ధర ఎక్కువ తక్కువ అయినందువల్ల బేరం చెల్లకుండా పోదని, దానితోపాటు వంచన కలిస్తే నష్టపోయినవాడికి రద్దు చేసుకునే హక్కు ఉంటుందని హనఫీ పండితుల అభిప్రాయం. మాలికీ, హంబలీ పండితులు 'ముస్తర్సిల్' అనే మనిషిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. తనకు ధర తెలియక, బేరం ఆడలేక, ఎదుటివాడి నిజాయితీ మీద భారం వేసినవాడే ముస్తర్సిల్. అలాంటివాడిని బాగా నష్టపరిస్తే ఆ బేరాన్ని వెనక్కు తీసుకునే హక్కు అతనికి ఉందని వారన్నారు.

ఇప్పుడు ఆ అమ్మ అడిగిన మాట మళ్లీ వినండి. "బేటా, ఇవి దేనికైనా పనికొస్తాయా?" ఇది బేరం మాట కాదు, సలహా అడగడం. ఆ క్షణాన ఆమె అతన్ని కొనేవాడిగా కాక తెలిసినవాడిగా నిలబెట్టింది. అతను తెలిసినవాడి స్థానంలో నిలబడి కొనేవాడి జవాబు చెప్పాడు. "పాతవి కదా, ఇప్పుడెవరు వింటారు?" అన్నది విడిగా చూస్తే నిజమే. పల్లెలో వాటిని ఎవరూ వినరు. కానీ ఆ నిజాన్ని అతను అసలు నిజం మీద మూతగా వాడుకున్నాడు. అబద్ధం చెప్పలేదన్న ఊరట అతనికి నిద్ర తేలేకపోవడానికి కారణం ఇదే. అడగకపోయినా చెప్పాలా అన్నది పెద్దలు చర్చించిన ప్రశ్న. అడిగాక పక్కదారి పట్టించరాదన్న దానిలో చర్చకే చోటు లేదు.

పట్టు బట్ట బేరం

చట్టం ఎక్కడ ఆగుతుందో అక్కడే మంచితనం మొదలవుతుంది. హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టు బట్టల వ్యాపారి. ఒకసారి ఒక స్త్రీ పట్టు వస్త్రం ఒకటి తెచ్చి వంద దిర్హములకు అమ్ముతానంది. ఇది అంతకన్నా ఎక్కువ చేస్తుందని ఇమామ్ గారు చెప్పారు. ఆమె మరో వంద పెంచింది. ఇంకా ఎక్కువ చేస్తుందన్నారు. అలా నాలుగు వందల వరకు వచ్చింది. అప్పటికీ ఆయన అదే మాట అనేసరికి తనను ఎగతాళి చేస్తున్నారేమోనని ఆమె అనుమానించింది. ధర కట్టగల మరో మనిషిని పిలిపించమని చెప్పి, చివరికి అయిదు వందలకు ఆ వస్త్రం కొన్నారు. దైవప్రవక్త (స) సహచరుడైన హజ్రత్ జరీర్ (రజి) కూడా మూడు వందలకు బేరం కుదిరిన గుర్రానికి, అది అంతకన్నా మేలైనదని చెప్పి తానే ఎనిమిది వందలు ఇచ్చారు.

అయితే ఇలా చేస్తే వ్యాపారం నడిచేదెలా అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇమామ్ గారు ఆ వస్త్రాన్ని నష్టానికి కొనలేదు. దాని అసలు ధరకు కొన్నారు. ఆయన అంగడి మూతపడలేదు. పాత సామాన్ల వ్యాపారి కూడా తన శ్రమకు, నేర్పుకు, నష్టభయానికి కూలి తీసుకోవచ్చు. మొత్తం ధర చెప్పి తీరాలని మేము అనడం లేదు. రేపు ఎంత వస్తుందో అతనికీ ఖచ్చితంగా తెలియదు. "ఖాలా, వీటిలో అయిదింటికి మంచి ధర రావచ్చు. అమ్ముడుపోతే సగం నీది, సగం నాది. లేదంటే ఇప్పుడే ఇంతిస్తాను, ఆ పైన లాభమైనా నష్టమైనా నాదే" అని ఉంటే చాలు. నేర్పుకు కూలి దక్కేది, నమ్మకానికి దెబ్బ తగిలేది కాదు. నేర్పు వల్ల వచ్చిన లాభం వేరు, ఎదుటివారి అమాయకత్వం వల్ల వచ్చిన లాభం వేరు. మొదటిది ఆమె ముందు లెక్క చెప్పగలిగేది. రెండవది ఆమె నుంచి దాచుకోవాల్సి వచ్చేది.

అమెరికాలోని జో బుస్సార్డ్ (1936-2022) అనే సేకర్త ఇంటింటి తలుపు తట్టి పాత ప్లేట్లు కొనేవాడు. 1960లలో బ్లాక్ పాటీ అనే అరుదైన కంపెనీ ప్లేట్లు పదిహేను, అమ్మినవాడు అడిగిన పది డాలర్లకే దొరికాయని ఆయనే చెప్పుకున్నాడు. వాటిలో ఒకదానికి తర్వాత వేలాది డాలర్లు ఇస్తామన్నా ఆయన అమ్మలేదు. అదే సమయంలో తన దగ్గరున్న సంగీతాన్ని అడిగినవారికల్లా కొద్ది సొమ్ముకు టేపుల్లో ఎక్కించి పంపాడు. ఆయన వల్ల మిగిలిన చరిత్రకు లోకం రుణపడింది. అమ్మినవాడికి ఆయన ఏమైనా రుణపడ్డాడా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. లోకానికి చేసిన మేలు ఒక మనిషికి తగ్గించి ఇచ్చిన దాన్ని చెరిపేస్తుందా? మా దృష్టిలో చెరిపేయదు. రెండు లెక్కలూ వేర్వేరుగా రాయబడతాయి.

దీనికి అవతలి మోసం

విలువ దాచడం ఒక మోసమైతే, లేని విలువ చూపడం మరొకటి. 786 అంకె ఉన్న నోటుకు లక్షలిస్తామని, పాత అయిదు రూపాయల నోటుకు వేలిస్తామని మన ఇళ్లకు ఫోన్లు వస్తుంటాయి. ముందుగా ఫీజు పంపమంటారు. పంపాక ఫోన్ ఎత్తరు. ఇలాంటి లావాదేవీలలో తన పేరు వాడుకుని మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అల్లాహ్ పేరుకు గుర్తుగా మనవాళ్లు గౌరవించే అంకెను ఎరగా వాడేవాడికీ, ఆ ఎరకు ఆశపడేవాడికీ మధ్య ఉన్న తాడు ఒకటే, శ్రమ లేకుండా వచ్చే సొమ్ము మీద మోజు. ఇంకా ఎక్కువ కావాలనే ఆ తపన సమాధి దాకా మనిషిని వదలదని తకాసుర్ సూరా హెచ్చరిస్తుంది.

మా ఇంటి పాన్‌దాన్

ఈ మాటలు రాసే హక్కు మాకెంత ఉందో కూడా చెప్పాలి. మా ఇంట్లో ఒక బిద్రీ పాన్‌దాన్ ఉంది. నారాయణఖేడ్ ఒకప్పుడు బీదర్ జిల్లాలోని తాలూకాయే. 1956లో మెదక్ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఆ పాత బంధం వల్ల ఈ ప్రాంతపు ఇళ్లలో బిద్రీ సామాన్లు అక్కడక్కడా కనిపిస్తాయి. చాలా ఏళ్ల క్రితం ఒక ఇంటివారు దాన్ని మసిబారిన పాత లోహమనుకుని తూకానికి అమ్ముతుంటే, నలుపు కింద వెండి తీగ పని ఉందని తెలిసి కూడా మేము తూకం ధరకే కొన్నాము. ఎన్నో ఏళ్లు అతిథులకు చూపించి, ఎంత తక్కువకు కొన్నామో గొప్పగా చెప్పుకున్నాము. ఆ యువకుడు మసీదు మెట్ల మీద అడిగేదాకా అది తప్పని మాకు తట్టలేదు. ఆ ఇంటివారిని వెతికితే పెద్దలు లేరు, పిల్లలు జహీరాబాద్‌లో ఉన్నారని తెలిసింది. వారికి కబురు పంపాము.

యువకుడితో మేము రెండు మాటలన్నాము. ఒకటి, వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పు. రెండు, ఆ పెట్టె ఆమె ఒక్కదానిదేనా అని అడుగు. చనిపోయిన భర్త వస్తువు కాబట్టి అది వారసత్వపు సొత్తు. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదానిలో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. విలువ లేదనుకున్నందువల్ల ఆ పెట్టె పంపకంలోకే రాలేదు. మన ఇళ్లలో ఆడబిడ్డల వాటా చాలాసార్లు ఇలాగే, 'అదేమంత ఉంది' అన్న మాట కింద మాయమవుతుంది.

అతను వెళ్లాడు. ఖర్చులు పోను తన శ్రమకు కొంత తీసుకుని, పన్నెండు వేలు ఆమె ముందు పెట్టాడు. ఆమె అడిగిన మొదటి మాట డబ్బు గురించి కాదట.

"ఆ రోజు నీకు తెలుసా బేటా?"

"తెలుసు ఖాలా."

జీవితంలో అంత బరువైన మాట తానెప్పుడూ అనలేదని అతను మాతో చెప్పాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నోట్లు లెక్కపెట్టి, బస్సు ఖర్చులకని ఒక అయిదు వందల నోటు అతని చేతిలో పెట్టి, మిగతాది కొడుకుకూ ఇద్దరు కూతుళ్లకూ పంచాలి, లెక్క ఎలాగో రాసివ్వమని కాగితం తెచ్చిందట.

కొనేవాడూ అమ్మేవాడూ నిజం చెప్పి, ఉన్నది విప్పి చూపితే వారి బేరంలో బర్కత్ ఉంటుందని, దాచితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) బోధించారు. బర్కత్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, అమ్మిన మనిషి ఇంటికి పండుగనాడు వెళ్లి, ఆమె చేతి షీర్ ఖుర్మా తలెత్తుకుని తాగగలగడమని మేమంటాము. తెలిసినదాన్ని దాచి తినే బుద్ధి నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.